మాంటెరే తీరంలో ముందు ఎవరు, తరువాత ఎవరు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీ పాత కట్టడాల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాసి ఊరుకున్నందుకు, మిగతాది ఎప్పుడు చెబుతారని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. బడిలో కార్మెల్ మిషన్ నమూనా చేసి, ‘ఈ ప్రాంతపు తొలి నివాసులు’ అన్న శీర్షికతో ఒక పేజీ రాసుకురమ్మన్నారు. స్పెయిన్ వాళ్ల గురించి రాస్తే సరిపోతుందా?
(ఒక తల్లి, సన్నీవేల్)

సమాధానం: సరిపోదండీ. కాలిఫోర్నియాలో పిల్లల్ని పెంచిన తెలుగు ఇళ్లలో నాలుగో తరగతి అనగానే అట్టముక్కలు, జిగురు, ఎర్రరంగు పూసిన కాగితపు పెంకులు గుర్తుకొస్తాయి. మా ఇంట్లోనూ ఒకప్పుడు భోజనాల బల్ల మీద వారం రోజులపాటు ఒక మిషన్, అంటే స్పెయిన్ వారి క్రైస్తవ మతప్రచార కేంద్రం, వెలసింది. ఆ నమూనాలో గంటల గోపురం, శిలువ, ముంగిట్లో బావి అన్నీ అమరాయి గానీ, ఆ గోడలు ఎవరి ఊరి పక్కన లేచాయో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. మీ అబ్బాయి పేజీ అక్కడి నుంచే మొదలైతే బాగుంటుంది.

స్పెయిన్ ఓడలు రావడానికి వేల ఏళ్ల ముందు నుంచి ఈ తీరంలో జనం కాపురాలు ఉన్నారు. నేటి మాంటెరే పట్నం, కార్మెల్ నది పరిసరాలు ఓలోనీ జాతిలోని రమ్సెన్ శాఖవారివి. దక్షిణాన కొండల్లో ఎస్సెలెన్‌లు, వారికీ ఆవల సలీనన్‌లు ఉండేవారు. విల్లో కొమ్మలను వంచి కట్టి, మన జమ్ము వంటి నీటిగడ్డితో కప్పిన గుండ్రటి గుడిసెలు వారి ఇళ్లు. ఓక్ చెట్ల కాయలు వారికి ముఖ్యమైన తిండి. వాటిని ఎండబెట్టి, పొట్టు తీసి, దంచి, ఆ పిండిని చేదు విరిగేదాకా నీళ్లతో కడిగి, నీరు కారనంత బిగువుగా అల్లిన బుట్టల్లో పోసి, కాల్చిన రాళ్లను అందులో వేసి జావ కాచేవారు. ఆ దంపుడు రోళ్లు నేటికీ ఉన్నాయి. విడిగా తొలిచినవి కావు, కదలని బండల్లోనే తరతరాల దెబ్బలకు దిగిన గుంటలు. గుడిసెలు మట్టిలో కలిసిపోయాయి గానీ రోళ్లు మిగిలాయి. కౌంటీలో చారిత్రక కట్టడాల జాబితా రాయమంటే నేను వీటితోనే మొదలుపెడతాను, వాటి మీద ఇత్తడి ఫలకం లేకపోయినా సరే.

ఇక వచ్చినవారి వరుస. 1542లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు కబ్రియో ఓడ మీద నుంచే ఈ అఖాతాన్ని చూసి వెళ్లాడు. 1602 డిసెంబరులో విస్కాయినో అనే మరో స్పెయిన్ నావికుడు ఇక్కడ దిగి, మెక్సికోలో ఉన్న స్పెయిన్ రాజప్రతినిధి మాంటెర్రే ప్రభువు పేరు దీనికి పెట్టాడు. ఆయన వెంట వచ్చిన కార్మెలైట్ సన్యాసుల వల్ల పక్కనున్న నదికి కార్మెల్ పేరు వచ్చింది. గాలివానకు చెక్కుచెదరని గొప్ప రేవు దొరికిందని ఆయన పైకి రాసుకున్నాడు. ఆ వర్ణన 167 ఏళ్ల తరువాత ఒక చిక్కు తెచ్చిపెట్టింది. 1769లో పోర్తోలా అనే స్పెయిన్ సేనాని దళం కాలినడకన ఉత్తరాదికి వస్తూ ఈ అఖాతం ఒడ్డుకే చేరి కూడా, కాగితం మీద ఉన్న రేవుకూ కళ్ల ముందున్న బార్లా తెరిచిన సముద్రానికీ పోలిక కుదరక, ఇది మాంటెరే కాదనుకుని ముందుకు సాగిపోయింది. వారు అలా దారి తప్పబట్టే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం యూరప్ వారి కంటపడింది. మరుసటి ఏడు మళ్లీ వచ్చి పొరపాటు గ్రహించి, 1770 జూన్ 3న సైనిక స్థావరాన్నీ మిషన్‌నూ ఇక్కడ నెలకొల్పారు.

మీ అబ్బాయి పేజీ చివర రాయదగిన సంగతులు రెండున్నాయి. రమ్సెన్ భాషను ధారాళంగా మాట్లాడగలిగిన చివరి వ్యక్తి ఇసబెల్ మెడోస్ 1939లో చనిపోయారు. ఆమె తన చివరి ఏళ్లలో హారింగ్టన్ అనే భాషా పరిశోధకునికి చెప్పిన మాటలూ కథలూ వేల పుటల రాతప్రతులుగా నిలిచాయి. రెండోది, 2020లో బిగ్ సర్ దగ్గర లిటిల్ సర్ నది ఒడ్డున దాదాపు 1,200 ఎకరాలు ఎస్సెలెన్ తెగ వారి చేతికి తిరిగి వచ్చాయి. అందుచేత ఈ తొలి నివాసుల గురించి ‘ఉండేవారు’ అని మాత్రమే కాక, ‘ఉన్నారు’ అని కూడా రాయమనండి.

ప్రశ్న: కార్మెల్ మిషన్ చూసి వచ్చాము. రాతి గుడిలా ఎంతో ముచ్చటగా ఉంది. దాన్ని కట్టిందెవరు? అక్కడ సమాధి అయిన సెర్రాను సెయింటుగా ప్రకటించినప్పుడు ఆయన విగ్రహం మీద రంగులు చల్లారని విన్నాము. ఎందుకు?
(ఒక పాఠకుడు, శాన్‌హోసే)

సమాధానం: మిషన్ మొదట మాంటెరేలో సైనికుల స్థావరం పక్కనే ఉండేది. ఏడాది తిరిగేసరికి, 1771లో, దాన్ని నెలకొల్పిన సన్యాసి హునిపెరో సెర్రా దాన్ని కార్మెల్ నది దగ్గరికి మార్చాడు. అక్కడ సాగునేల, నీరు ఉండటం ఒక కారణమైతే, సైనికుల నుంచి, ముఖ్యంగా స్థానిక స్త్రీల పట్ల వారి ప్రవర్తన నుంచి దూరం జరగడం మరో కారణం. సెర్రా 1784లో చనిపోయాడు. మీరు చూసిన రాతి చర్చి ఆయన ఎరిగినది కాదు. 1793లో మొదలై 1797లో పూర్తయిన ఆ కట్టడానికి మాన్యుయెల్ రుయీస్ అనే శిల్పి మేస్త్రీ. రాళ్లు మోసినదీ గోడలు లేపినదీ మిషన్‌లోని స్థానికులు. గోడల గిలాబాకు వాడిన సున్నం సముద్రపు గుల్లలను కాల్చి తీసింది. కోనసీమలో గుల్లసున్నం పూసిన పాత ఇల్లు చూసినవారికి దీన్ని వేరే వివరించనక్కర లేదు. లోపల నిలబడి తల ఎత్తితే గోడలు పైకి పోయేకొద్దీ లోనికి వంగి, వేలాడే గొలుసును తలకిందులు చేసినట్టున్న ఆకారంలో కప్పుతో కలిసిపోవడం కనిపిస్తుంది. మెక్సికో ప్రభుత్వం 1830లలో మిషన్లను చర్చి అధీనం నుంచి తప్పించాక ఆ కప్పు కూలిపోయింది. 1884లో ఒక కప్పు వేసి నిలబెట్టారు. నేటి రూపం 1930ల నుంచి హారీ డౌనీ దశాబ్దాలపాటు చేసిన మరమ్మతుల ఫలం.

రంగు చల్లిన సంగతి నిజమే. 2015 సెప్టెంబరులో పోప్ ఫ్రాన్సిస్ వాషింగ్టన్‌లో సెర్రాను సెయింటుగా ప్రకటించిన కొద్ది రోజులకే మిషన్‌లోని విగ్రహాలను పడదోసి రంగు పోశారు. జ్ఞానస్నానం తీసుకున్న స్థానికులకు మిషన్ విడిచి వెళ్లే స్వేచ్ఛ ఉండేది కాదు. పారిపోయినవారిని సైనికులను పంపి పట్టి తెప్పించి కొరడాతో కొట్టించేవారు. యూరప్ నుంచి వచ్చిన రోగాలు గుంపులకు గుంపులనే తుడిచిపెట్టాయి. సెర్రా వ్యక్తిగా నిరాడంబరుడు, కుంటికాలితో వందల మైళ్లు నడిచిన పట్టుదల గలవాడు. ఆ గుణాలు ఈ లెక్కను చెరిపివేయవని నా అభిప్రాయం. ఆ ఆవరణలోని శ్మశానంలో కొన్ని సమాధుల మీద అబలోన్ అనే సముద్రపు నత్త గుల్లలు పేర్చి ఉంటాయి. అవి స్థానికులవి. గోపురం ఫోటో తీసుకున్నాక అటు కూడా ఒక అడుగు వేయండి.

ప్రశ్న: కాలిఫోర్నియా రాష్ట్ర చారిత్రక స్థలాల్లో 1వ నంబరు మాంటెరేలోని కస్టమ్ హౌస్‌ది అట. అంత పెద్ద రాష్ట్రంలో మొదటి గౌరవం ఒక సుంకం కార్యాలయానికా?
(ఒక పాఠకుడు, ఫ్రీమాంట్)

సమాధానం: మీ ఆశ్చర్యంలో న్యాయం ఉంది గానీ, ఆ కాలపు కాలిఫోర్నియా ప్రభుత్వానికి డబ్బు వచ్చిందే ఆ గుమ్మం నుంచి. స్పెయిన్ ఏలుబడిలో విదేశీ ఓడలతో వ్యాపారం నిషిద్ధం. 1822లో మెక్సికో పాలన మొదలయ్యాక రేవు తెరిచారు. 1827 ప్రాంతంలో ఈ కట్టడం లేచింది. కాలిఫోర్నియాలో నిలిచివున్న ప్రభుత్వ భవనాలలో ఇదే పాతది. బోస్టన్ నుంచి ఓడలు గుడ్డలు, చెప్పులు, ఇనుప సామాను తెచ్చి, ఇక్కడి పశువుల తోళ్లనూ కొవ్వునూ తీసుకుపోయేవి. చేతిలో నాణెం ఆడని దేశంలో ఎండిన తోలే నగదుగా చెలామణి అయ్యేది కాబట్టి, దాన్ని నావికులు వేళాకోళంగా ‘కాలిఫోర్నియా బ్యాంకు నోటు’ అనేవారు. తోలు ఇక్కడి నుంచి పోయి, చెప్పుగా మారి, మళ్లీ ఇక్కడికే వచ్చి సుంకం కట్టేది!

జెండాల మార్పిడికీ ఇదే వేదిక. 1842 అక్టోబరులో అమెరికా నౌకాదళాధికారి జోన్స్, మెక్సికోతో యుద్ధం మొదలైందన్న పుకారు నమ్మి పట్నాన్ని పట్టుకుని జెండా ఎగరేశాడు. యుద్ధమేదీ లేదని తేలాక జెండా దించి, క్షమాపణ చెప్పి వెళ్లాడు. నిజమైన యుద్ధం వచ్చాక 1846 జులై 7న స్లోట్ అనే మరో అధికారి తుపాకీ పేలకుండా ఇక్కడ జెండా ఎగరేసి, కాలిఫోర్నియా అమెరికా వశమైందని ప్రకటించాడు. 1932లో రాష్ట్రం జాబితా మొదలుపెట్టినప్పుడు 1వ నంబరు దీనికి దక్కడానికి ఆ రోజే కారణం.

అదే వీధుల్లో తామస్ లార్కిన్ ఇల్లు కూడా చూడండి. 1832లో వచ్చిన ఈ మాసచుసెట్స్ వర్తకుడు ఆల్టా కాలిఫోర్నియాలో, అంటే మెక్సికో ఏలుబడిలోని ఈ ప్రాంతంలో, అమెరికాకు ఏకైక కాన్సల్. 1835లో ఆయన మొదలుపెట్టిన మేడకు గోడలు ఇక్కడి పచ్చి ఇటుకలవి. మేడమెట్లు, పెద్ద కిటికీలు ఆయన పుట్టిన ప్రాంతపు అలవాటు. చుట్టూ వసారా. ఎండకు ఎండిన మట్టి ఇటుకకు వాన తగిలితే కరిగిపోతుంది కనుక, చూరు వెడల్పుగా ముందుకు సాగింది. మన పల్లెల్లో మట్టిగోడల ఇంటికి చూరు ఎందుకు కిందికి దిగుతుందో, ఇక్కడా అందుకే.

ప్రశ్న: కాలిఫోర్నియా రాజ్యాంగం మాంటెరేలో రాశారని చదివాను. బంగారం దొరికింది మరోచోట, పెద్ద నగరం మరోచోట. మరి ఇక్కడెందుకు? తరువాత ఈ ఊరు ఎందుకు వెనుకబడింది?
(ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, హైదరాబాద్)

సమాధానం: 1777 నుంచి కొద్ది విరామాలు మినహా రాజధాని ఇదే కావడం మొదటి కారణం. అంతమందిని కూర్చోబెట్టగల హాలు ఇక్కడ ఉండటం రెండోది. ఆ హాలు పేరు కోల్టన్ హాల్. నౌకాదళంలో మతబోధకుడిగా వచ్చిన వాల్టర్ కోల్టన్‌ను అధికారులు ఈ పట్నానికి అల్కాల్దేగా, అంటే మన పాత మునసబులా తగవులు తీర్చి పన్నులు వసూలు చేసే అధికారిగా నియమించారు. ఆయన ఇళ్లస్థలాలు అమ్మిన సొమ్ము, మద్యం దుకాణాల పన్ను, జూదరుల జరిమానాలు కూడబెట్టి, ఖైదీల చేత పని చేయించి 1849లో తెల్లరాతి భవనం కట్టించాడు. ఆ సెప్టెంబరులో 48 మంది ప్రతినిధులు మేడ మీద సమావేశమై అక్టోబరు 13న రాజ్యాంగం మీద సంతకాలు చేశారు. బానిసత్వాన్ని నిషేధించారు. పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కును స్పెయిన్ న్యాయసంప్రదాయం నుంచి నిలుపుకున్నారు. ఓటు మాత్రం తెల్లజాతి మగవారికే ఇచ్చారు. చట్టాలు ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలోనూ అచ్చు కావాలని రాసుకున్నారు. మరుసటి ఏడు, 1850 ఫిబ్రవరిలో, రాష్ట్రంలో ఏర్పడిన తొలి 27 కౌంటీలలో మాంటెరే ఒకటి.

కోల్టన్ గురించి ఇంకొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1846 ఆగస్టు 15న ఆయన, రాబర్ట్ సెంపుల్ అనే కెంటకీ మనిషి కలిసి ‘కాలిఫోర్నియన్’ అనే వార్తాపత్రిక తెచ్చారు. కాలిఫోర్నియాలో అదే మొదటిది. దొరికింది మెక్సికో కాలపు పాత ముద్రణ యంత్రం, దానితో వచ్చిన స్పానిష్ అక్షరాలు. స్పానిష్‌కు డబ్ల్యూ అవసరం లేదు, ఇంగ్లీషుకు అది లేనిదే గడవదు. అందుకని రెండు ‘వి’లను పక్కపక్కన పేర్చి పని జరిపించారు. కాగితమేమో పొగాకు చుట్టడానికి వచ్చినది. అరసున్న లేని టైపు కేసు ముందు కూర్చుని ప్రబంధం అచ్చువేయబోయిన కంపోజిటరు అవస్థ ఊహించుకోండి.

ఇక వెనుకబాటు. బంగారం జనాన్ని కొండలకూ, ఓడలను శాన్‌ఫ్రాన్సిస్కోకూ లాక్కుపోయింది. 1849 చివరికల్లా రాజధాని శాన్‌హోసేకు వెళ్లింది. 1851 చట్టం ప్రకారం భూమి పట్టాలు నిరూపించుకోవలసి వచ్చినప్పుడు, ఊరి తరఫున వాదించిన వకీలు ఆష్లీ ఫీజు తీర్చే సొమ్ము కూడా పట్నం దగ్గర లేదు. 1859లో ఊరి ఉమ్మడి భూమి దాదాపు 30,000 ఎకరాలను వేలం వేశారు. అదే వకీలు, స్కాట్లండు నుంచి వచ్చిన డేవిడ్ జాక్స్ కలిసి 1,002 డాలర్ల 50 సెంట్లకు దాన్ని పాడుకున్నారు. కొన్నాళ్లకు అదంతా జాక్స్ పరమైంది. పట్నం దావా వేసి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1906లో ఓడిపోయింది. మీ బంధువులు అమెరికాలో పిజ్జా మీద చల్లుకునే మాంటెరే జాక్ చీజుకు ఈయన పేరే అంటుకుందని చెబుతారు. 1872లో కౌంటీ ముఖ్యపట్నం హోదా కూడా రైలు వచ్చిన సలీనాస్‌కు పోయింది. ఈ దిగజారుడు వల్లే పాత ఇళ్లు బతికాయి. పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది.

ప్రశ్న: పాయింట్ పినోస్ దీపస్తంభాన్ని ఒక స్త్రీ నడిపిందట, నిజమేనా?
(ఒక పాఠకురాలు, డాలస్)

సమాధానం: నిజమే, ఒకరు కాదు, ఇద్దరు. 1855 ఫిబ్రవరి 1న వెలిగిన ఈ దీపం పశ్చిమ తీరంలో ఎడతెగక పనిచేస్తున్నవాటిలో పాతది. మొదటి కాపరి చార్ల్స్ లేటన్ ఆ ఏడాదే ఒక బందిపోటును వెంటాడుతూ వెళ్లి ప్రాణం పోగొట్టుకోగా, పిల్లల తల్లి అయిన ఆయన భార్య షార్లట్ ఆ కొలువు చేపట్టింది. తరువాత ఆమె తన సహాయకుణ్ణి పెళ్లాడింది. అంతటితో అతడు పెద్ద కాపరి, ఆమె అతనికి సహాయకురాలు! రెండో ఆమె ఎమిలీ ఫిష్, 1893 నుంచి 1914 దాకా.

ప్రశ్న: మాది బెస్త కుటుంబం. మాంటెరే చేపల రేవని విన్నాను. అక్కడ చేపల వ్యాపారం మొదలుపెట్టింది ఇటలీవారేనా? ఆసియా వాళ్లు లేరా? ఈ వేసవిలో అమ్మానాన్నలతో వెళుతున్నాము, ఏమి చూడాలో కూడా చెప్పగలరు.
(విశాఖపట్నం పాఠకుడు, ప్రస్తుతం శాంటా క్లారాలో)

సమాధానం: ఇటలీ వారు, అందులోనూ సిసిలీ వారు, తరువాత వచ్చారు. సార్డీన్ చేపల డబ్బాల కార్ఖానాలు వెలసిన కాలం వారిది. వారికి ముందు 1855లో అజోరెస్ దీవుల పోర్చుగీసు వారు తిమింగలాల వేట పెట్టారు. పాత తిమింగలాల వేట కేంద్రం ముందున్న కాలిబాట తిమింగలం ఎముకలు పరిచినదే. చైనా జాలరులు వారికంటే కూడా ముందు, 1850ల మొదట్లోనే, కుటుంబాలతో వచ్చి పాయింట్ లోబోస్ దగ్గరా, నేటి పసిఫిక్ గ్రోవ్ దగ్గర పాయింట్ అలోనెస్‌లోనూ ఊళ్లు కట్టుకున్నారు. క్వాక్ మూయ్ అనే ఆడపిల్ల 1859లో పాయింట్ లోబోస్‌లోనే పుట్టింది. ఆమె ఐదు భాషలు మాట్లాడేది, ‘స్పానిష్ మేరీ’ అని పేరు.

పగటి వేటలో మిగతావారితో వలల తగాదాలు పడలేక, చైనా జాలరులు రాత్రిళ్లు స్క్విడ్ అనే మెత్తటి సముద్రజీవి వేటకు దిగారు. పడవ అంచున ఇనుప బుట్ట వేలాడదీసి, అందులో జిడ్డుకట్టెలు మండిస్తే, ఆ వెలుగుకు స్క్విడ్లు పైకి తేలి వచ్చేవి. తెల్లవారాక వాటిని పొలాల నిండా పరిచి ఎండబెట్టి చైనాకు పంపేవారు. ఎండుచేపల వాసన మీకూ నాకూ ఇంటి వాసన. పక్కన విహారానికి వచ్చినవారికి మాత్రం అది ఫిర్యాదు. భూమి యజమాని అయిన కంపెనీ వారిని ఖాళీ చేయించాలని ఒత్తిడి తెస్తున్న సమయంలోనే, శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం జరిగిన నెల రోజులకు, 1906 మే 16 రాత్రి ఆ ఊరు చాలావరకు తగలబడిపోయింది. మళ్లీ కట్టుకోనివ్వలేదు. నేడు అక్కడ హాప్కిన్స్ సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. పసిఫిక్ గ్రోవ్ నగరం 2022లో అధికారికంగా క్షమాపణ చెప్పింది. జపాన్ వారిదీ ఇక్కడ పెద్ద పాత్రే. 1897లో వచ్చిన గెన్నొసుకె కొదానీ పాయింట్ లోబోస్‌లో మునగాళ్లను పెట్టి అబలోన్ పరిశ్రమ నడిపాడు.

చూడటానికి ఒక రోజు చాలు, బయలుదేరడం పొద్దున్నే అయితే. వేసవి అయినా చలికోట్లు వదలకండి, పొగమంచు మధ్యాహ్నం దాకా వీడకపోవచ్చు. మాంటెరే పట్నంలో కాలిబాట మీద పొదిగిన పసుపు బిళ్లల వెంట నడిస్తే కస్టమ్ హౌస్, లార్కిన్ ఇల్లు, కోల్టన్ హాల్, 1794 నాటి రాతి చర్చి వరుసగా వస్తాయి. మొత్తం సుమారు రెండు మైళ్లు, నాన్నగారి మోకాళ్లను బట్టి సగం వదిలేయవచ్చు. అక్వేరియం టిక్కెట్టు ముందే కొనుక్కోండి. 1984లో తెరిచిన ఆ భవనం పాత హోవ్డెన్ సార్డీన్ కార్ఖానా స్థలంలోనే ఉంది. సాయంత్రానికి పాయింట్ లోబోస్‌లోని వేలర్స్ క్యాబిన్ చేరండి. పేరు తిమింగలాల వేటగాళ్లదైనా 1850లలో ఆ చెక్క ఇల్లు కట్టింది చైనా జాలరులే. లోపల నేలచెక్కల కిందికి చూడటానికి ఒక చోటు వదిలారు. అక్కడ అమ్మగారిని వంగి చూడమనండి. దూలాల కింద రాళ్లకు బదులు తిమింగలం వెన్నుపూసలు ఆన్చి ఉంటాయి.